వాలైకి చట్టం కాపలా, బ్యాస్‌కి తండ్రి కాపలా

"పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలో వదలడానికేనా ఇంత దూరం వచ్చింది?"

ఏప్రిల్ ఆఖరి వారం మొదలుకొని మే నెలంతా డెట్రాయిట్ చుట్టుపక్కల లేకుల గట్ల మీద ఈ ప్రశ్న తెలుగులో వినబడుతూనే ఉంటుంది. అడిగేది సాధారణంగా వేసవికి ఇండియా నుంచి వచ్చిన తాతగారు. మంకీ క్యాపు, మడత కుర్చీ, పక్కన ఫ్లాస్కు. మనవడు రెండు పౌన్ల బ్యాస్‌ను ఒడ్డుకు లాగుతాడు. కొడుకు ఫొటో తీసి దాన్ని నీళ్ళలోకి జారవిడుస్తాడు. పెద్దాయన నిజంగానే నొచ్చుకుంటారు. "ఇప్పుడు ఉంచుకోకూడదు నాన్నా, రూలు." "ఉంచుకోకూడనప్పుడు పట్టడమెందుకురా?" "సరదాకి."

ఆ ఆఖరి జవాబు నాకు చాలదు. పెద్దాయన ప్రశ్నలో సగం న్యాయం ఉంది. వదిలెయ్యడమే గొప్ప పుణ్యమన్నట్టు మాట్లాడే గాలం పండితులకు అది తగలాల్సిన ప్రశ్నే. కానీ మిగతా సగం చెప్పాలంటే బ్యాస్ ఏమిటో, వాలై ఏమిటో, ఏది ఎప్పుడు గుడ్లు పెడుతుందో చెప్పాలి. నా మాట ముందే చెప్పేస్తాను: పిల్లాపాపలతో వెళ్ళే తొలి సీజన్‌లో బ్యాస్‌ను అవి గూళ్ళు కట్టకముందే పట్టి వదలండి. గూడు మీద కూర్చున్నాక, చట్టం ఒప్పుకున్నా సరే, వాటి జోలికి వెళ్ళకండి. కూరకు కావాలంటే పొద్దు వాలేదాకా ఆగి వాలైకి గాలం వెయ్యండి.

రెండు చేపలు, రెండు పెంపకాలు

పేరు వింటే వాలుగ గుర్తొస్తుంది గానీ వాలైకీ వాలుగకూ చుట్టరికం లేదు. వాలుగకు పొలుసే ఉండదు. వాలై ఒంటి నిండా గరుకు పొలుసు, పెర్చ్ జాతి. బ్యాస్ కూడా మన పండుగప్ప కాదు. రెస్టారెంట్ మెనూలో సీబ్యాస్ అని రాసేది పండుగప్పను. ఇక్కడి లార్జ్‌మౌత్, స్మాల్‌మౌత్ బ్యాస్‌లు మంచినీటి సన్‌ఫిష్ కుటుంబానివి.

వాలై మంచు కరగగానే, నీళ్ళు 42 నుంచి 50 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉన్నప్పుడు, రాళ్ళూ గులకా ఉన్న చోట రాత్రిపూట గుడ్లు చల్లి వెళ్ళిపోతుంది. గూడు లేదు, కాపలా లేదు. మిషిగన్‌లో గ్రేట్ లేక్స్ కాక మిగిలిన లేకులన్నిటినీ, అంటే 11,000 పైచిలుకు, ఇన్‌లాండ్ లేక్స్ అంటారు. రాష్ట్రపు దక్షిణ భాగమైన దిగువ ద్వీపకల్పంలోని ఈ లేకుల్లో వాలై వేట మార్చి 15తో ముగుస్తుంది, మళ్ళీ ఏప్రిల్ ఆఖరి శనివారం మొదలవుతుంది. ఎగువ ద్వీపకల్పంలో చలి ఎక్కువ కాబట్టి మే 15 దాకా ఆగాలి. గుడ్లు చల్లే వారాలను చట్టం ఇలా మూసేసింది. సీజన్ తెరిచేనాటికి వాటి పని అయిపోయి ఉంటుంది.

బ్యాస్ సంగతి వేరు. నీళ్ళు 60 డిగ్రీలకు అటూఇటూ వచ్చాక మగ చేప తోకతో నేల ఊడ్చి, పళ్ళెం ఆకారంలో గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత గుడ్లకు నీళ్ళు విసరడం, దొంగలను తరమడం, పిల్లలు పుట్టాక కూడా కొన్నాళ్ళు గుంపు వెంట తిరగడం, అంతా తండ్రి పనే. దక్షిణ మిషిగన్‌లో ఇదంతా మే నడిమి నుంచి జూన్ నడిమి దాకా సాగుతుంది. మరి చట్టం? పట్టి వెంటనే వదిలేసే పద్ధతిలో బ్యాస్‌ను ఏడాది పొడవునా పట్టొచ్చు, 2015 నుంచి. ఉంచుకోవడం మాత్రం మెమోరియల్ డేకి, అంటే మే ఆఖరి సోమవారానికి, ముందు శనివారం నుంచి. ఆ శనివారం సరిగ్గా ఎక్కడ పడుతుందో చూడండి. చాలా ఏళ్ళలో అది గూళ్ళు నిండుగా ఉండే వారమే.

అంటే, కాపలా లేని వాలై గుడ్లను చట్టం కాస్తోంది. తండ్రి కాపలా ఉన్న బ్యాస్ గుడ్ల దగ్గర, ఆ తండ్రిని పట్టుకోవడానికి అదే చట్టం అనుమతి ఇస్తోంది.

మనవాళ్ళకు ఇది ఎందుకు వింతగా ఉంటుందో ఊహించగలను. మన దగ్గర చేప రుచికీ గుడ్లు పెట్టే కాలానికీ పాత లంకె. పుస్తెలమ్మైనా తినాలనే పులస గోదావరికి ఎదురెక్కేది గుడ్లు పెట్టడానికే. సొన ఉన్న చేప దొరికితే పండగ. నిషేధమూ మనకు కొత్త కాదు, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు బోట్లు కట్టేస్తారు. కానీ అది సముద్రం మీది సంగతి, ఊరి చెరువులో గాలం వేసేవాడికి పట్టదు. తండ్రి కాపలా కాసే చేపకు పోలిక కావాలంటే కొర్రమీనే ఉంది. నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే కింద తల్లో తండ్రో ఉంటుందని, అక్కడ కప్ప ఎర వేస్తే ఆకలి లేకపోయినా కోపంతో మీద పడుతుందని గాలం వేసేవాళ్ళకు తెలుసు. కొందరు వేస్తారు. కొందరు "పిల్లలతో ఉంది, పోనీ" అంటారు. బ్యాస్ విషయంలో నేను ఆ రెండో రకం మనుషుల పక్షం.

చట్టం ఒప్పుకుంటే చాలదా?

ఇక్కడ నా వాదనకు ఎదురుగా ఉన్న మాట తేలికైనది కాదు. ఒక్కో గూట్లో వేల గుడ్లుంటాయి. లేక్‌కు ఏటా కావలసిన పిల్లలను ఇవ్వడానికి అందులో కొన్ని గూళ్ళు నిలిస్తే చాలు. నాచు, చలికాలం, తిండి, ఇవే చేపల సంఖ్యను ఎక్కువగా నిర్ణయిస్తాయి. రాష్ట్ర సహజవనరుల శాఖ జీవశాస్త్రజ్ఞులు ఇవన్నీ చూసే ఏడాది పొడవునా అనుమతి ఇచ్చారు. మొత్తం లేక్ లెక్కలో చూస్తే వాళ్ళను కాదనే ఆధారం నా దగ్గర లేదు.

కానీ ఒక గూటి లెక్క వేరు. తండ్రిని పైకి లాగిన మరుక్షణం పక్కన కాచుకున్న బ్లూగిల్ అనే చిన్న చేపలు గూట్లోకి దూరి గుడ్లు మేస్తాయి. ముల్లు తీసి, ఫొటో తీసి, తాతగారికి చూపించి, ఇంకో ఫొటో తీసి వదిలేలోపు గూట్లో ఏం మిగిలిందో చెప్పలేం. అలిసిపోయి వెనక్కొచ్చిన చేప గూడు వదిలేసి పోవడమూ ఉంది. పెద్ద లేక్‌లో ఇది లెక్కలోకి రాకపోవచ్చు. పార్కు డాక్ పక్కన నాలుగు గూళ్ళుంటే, శనివారం పొద్దున్నుంచి పది కుటుంబాలు వరసగా అక్కడే గాలం వేస్తే, ఆ నాలుగూ పోతాయి.

ఇంకో అనుమానం కూడా న్యాయమైనదే. కొన్ని లేకుల్లో చిన్న బ్యాస్ కిక్కిరిసి, తిండి చాలక ఎదగవు. అక్కడ నాలుగు తీస్తే మేలే కదా? మేలే. కానీ 14 అంగుళాలకు తక్కువున్నదాన్ని ఉంచుకోకూడదు కాబట్టి, తియ్యాల్సిన ఆ చిన్నవాటిని తియ్యలేం. తియ్యగలిగేది గూడు కట్టే పెద్దవాటినే.

దక్షిణ మిషిగన్ లేకుల్లో వాలై చాలావరకు సొంతంగా పెరిగే చేప కాదన్నది ఇంకో సంగతి. మస్కీగన్ నదిలో తీసిన గుడ్లను పొదిగించి, చెరువుల్లో వేలెడు పొడుగు పెంచి, శాఖవాళ్ళే తెచ్చి వదులుతారు. తినడానికి వదిలిన చేప అది. బ్యాస్ ఆ లేక్‌లో తరతరాలుగా తన గూడు తనే కట్టుకుంటున్న చేప. కూర గిన్నెకు ఏది వెళ్ళాలన్నది తేల్చడానికి నాకు ఇదొక్కటి చాలు.

తేదీ కాదు, నీళ్ళ వేడి

తొలి శనివారం తెల్లవారుజామున అయిదింటికి పిల్లలను లేపి, వణికిస్తూ పడవ ఎక్కించడం నాకు తెలిసి అత్యంత పనికిమాలిన ఆచారం. ఏప్రిల్ చివర రాత్రంతా చల్లబడిన నీళ్ళు పొద్దున్న 48 డిగ్రీలుంటే బ్యాస్ కదలదు, పిల్లలు రెండోసారి రారు. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు మధ్య వెళ్ళండి.

వెళ్ళాల్సింది లేక్ ఉత్తరపు ఒడ్డున ఉన్న లోతు తక్కువ మూలలకు. దక్షిణం నుంచి వాలుగా వచ్చే ఎండ రోజంతా తగిలేది అక్కడే. దానికి తోడు నైరుతి గాలి పైనున్న వెచ్చటి నీటిని అటే నెడుతుంది. అడుగు నల్ల బురదైతే ఇంకా త్వరగా కాగుతుంది. నడి లేక్ కంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువుండే మూల దొరికితే సగం పని అయినట్టే. ఒక థర్మామీటరుకు దారం కట్టి రెండడుగుల లోతుకు దింపి చూడండి. 50 నుంచి 58 మధ్య ఉంటే బ్యాస్ లోతు నుంచి ఒడ్డు వైపు వచ్చి తింటూ ఉంటుంది, గూడు ఇంకా కట్టలేదు. కుటుంబంతో పట్టడానికి ఇదే వేళ. 60 దాటితే కళ్ళు తెరుచుకుని నడవాలి. పోలరైజ్డ్ కళ్ళద్దాల్లోంచి చూస్తే రెండు నుంచి అయిదడుగుల లోతులో, చుట్టూ ఉన్న నేల కంటే తెల్లగా, గుండ్రటి పళ్ళేలు కనిపిస్తాయి. కనిపిస్తే అక్కడి నుంచి కదలండి. పిల్లలకు చూపించండి, గాలం మాత్రం వద్దు. ఆ రోజు బెండు కట్టి, చిన్న ముల్లుకు వానపాము ముక్క గుచ్చి బ్లూగిల్‌కు వేసుకోవచ్చు. దానికి మూసిన సీజన్ లేదు.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఆరు, ఆరున్నర అడుగుల మీడియం లైట్ స్పిన్నింగ్ రాడ్, 2500 సైజు రీలు, 8 పౌన్ల దారం. ఎనిమిదేళ్ళ లోపువాళ్ళకు బొత్తాం నొక్కే స్పిన్‌కాస్ట్ రీలు, అయిదడుగుల రాడ్. ఎరగా అయిదంగుళాల మెత్తటి ప్లాస్టిక్ పురుగు. దాని నడుముకు రబ్బరు రింగు తొడిగి, రింగు కింద ఒంటి ముల్లు గుచ్చి, సీసం లేకుండా విసరాలి. పడ్డాక లాగొద్దు. రెండు కొసలూ వణుకుతూ అది దానంతటదే దిగుతుంది, పది దాకా లెక్కపెట్టమనండి. చేప ఎక్కువగా దిగేటప్పుడే పట్టుకుంటుంది. చేతికి ఏమీ తెలియదు. దారం పక్కకు జరిగితే, లేదా దిగాల్సినదానికంటే ముందే ఆగిపోతే, అప్పుడు రాడ్ ఎత్తాలి. పిల్లలు ఇక్కడే తప్పు చేస్తారు, అయిదు సెకన్లు ఆలస్యమైతే పురుగు గొంతులోకి పోతుంది.

గొంతులో ముల్లు చిక్కినప్పుడే పట్టి వదలడం అన్న మాట అబద్ధమైపోతుంది. డాక్‌ల మీద తరచూ కనిపించే దృశ్యం: మూడు ముళ్ళ గాలానికి లావు వానపాము గుచ్చి, రాడ్‌ను రెయిలింగుకు ఆనించి, సమోసా తింటూ కూర్చుంటారు. బ్యాస్ మింగేస్తుంది. పట్టకారుతో లాగితే మొప్పల నుంచి నెత్తురు. చచ్చేలా ఉన్నా సీజన్ కాదు కాబట్టి దాన్ని నీళ్ళలోనే వెయ్యాలి, ఇంటికి తీసుకెళ్తే జరిమానా. తాతగారి ప్రశ్నకు ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు. అందుకే ఒంటి ముల్లే వాడండి, దాని పక్కనున్న చిన్న కొక్కెంను పట్టకారుతో నొక్కి చదును చెయ్యండి. లోతుగా మింగితే లాగకుండా దారాన్ని ముల్లు దగ్గరికి కత్తిరించి వదిలెయ్యడం మేలు. చేత్తో పట్టేముందు చెయ్యి తడుపుకోవాలి, పొడి చెయ్యి చేప ఒంటి మీది జిగురు ఊడ్చేస్తుంది. బ్యాస్‌ను కింది పెదవి పట్టి ఎత్తొచ్చు. పెద్దదైతే రెండో చెయ్యి పొట్ట కింద ఉండాలి. నీళ్ళ బయట ఉంచేది మీరు ఊపిరి బిగబట్టగలిగినంతసేపే.

చీకటి పడే వేళ

వాలైని పెదవి పట్టి ఎత్తబోతే వేలు తెగుతుంది, దానికి పళ్ళున్నాయి. మొప్ప అంచు కూడా కత్తిలా ఉంటుంది. వల గరిటెతో ఎత్తి, తల వెనక వీపు మీదుగా పట్టుకోవాలి.

దాని కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంది, పిల్లి కంటికి ఉన్నట్టే. మసక వెలుతురులో అది చూడగలదు, అది వేటాడే చిన్న చేపలు చూడలేవు. అందుకే పొద్దు గుంకడానికి అరగంట ముందు నుంచి చీకటి పడ్డాక గంటదాకా ఒడ్డు దగ్గరికి వస్తుంది. పగలు పట్టాలంటే గాలికి నీళ్ళు అలలు వేస్తూ మబ్బుగా ఉండాలి. వాగు కలిసే చోటు, రాళ్ళ కొమ్ము, కొత్త నాచు బయటి అంచు, ఆరు నుంచి పన్నెండడుగుల లోతు, ఇవీ వెతకాల్సిన చోట్లు. హోటన్ లేక్ లాంటి చోట, 20,000 ఎకరాలున్నా ఎక్కువ భాగం లోతు పదడుగుల లోపే కాబట్టి, నాచు అంచే అన్నిటికన్నా ముఖ్యం.

పిల్లలతో కూర్చునేవాళ్ళకు జారుడు బెండు కంటే మంచి పద్ధతి లేదు. దారానికి ముందు ఆపుడు ముడి, తర్వాత పూస, తర్వాత బెండు, కింద ఒక సీసపు గుండు, దానికి జానెడున్నర దిగువన 6వ నంబరు ముల్లు. ఎర అడుగుకు ఒక అడుగు పైన వేలాడేలా ముడి జరపాలి. లోతు తెలియకపోతే ముల్లుకు బరువు తగిలించి దింపండి, బెండు మునిగిపోతే ముడి పైకి, పడుకుంటే ముడి కిందికి. నీళ్ళు 50 లోపుంటే మిన్నో చేపపిల్ల, దాటితే జలగ. జలగను పీల్చే కొస దగ్గర గుచ్చాలి, లేకపోతే ఉండ చుట్టుకుని ఊరుకుంటుంది. బెండు మునగగానే లాగొద్దు. దారం బిగిసేదాకా చుట్టి, అప్పుడు ఎత్తాలి. మిగిలిన ఎరను నీళ్ళలో పారబొయ్యకండి, రోగాలు ఒక లేక్ నుంచి ఇంకోదానికి అలాగే పోతాయి.

ఉంచుకోవడానికి కనీసం 15 అంగుళాలుండాలి, మనిషికి రోజుకు అయిదు. మూతి మూసి, తోక కొసలు దగ్గరికి నొక్కి కొలవాలి. నలుగురికి 16, 17 అంగుళాలవి రెండు చాలు. 24 అంగుళాలది పడితే అది దాదాపు ఖాయంగా ఆడదే, ఫొటో తీసి వదిలెయ్యమంటాను. తినడానికీ అది అంత మంచిది కాదు, పాదరసం పెద్దవాటిలోనే పేరుకుంటుంది.

17 ఏళ్ళు నిండినవాళ్ళకు లైసెన్సు కావాలి, అది ఏప్రిల్ 1న కొత్తది తీసుకోవాలి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు రాడ్ పట్టుకుంటే వాళ్ళకూ కావాలి, ఒక్క రోజుది దొరుకుతుంది. "నాన్నగారు ఊరికే పట్టుకున్నారు" అన్నది అధికారి దగ్గర పనిచెయ్యదు.

పడవ ఎక్కితే ఇంకో మాట. మిషిగన్ చట్టం ఆరేళ్ళ లోపు పిల్లలకు లైఫ్ జాకెట్ తప్పనిసరి అంటుంది. మేలో ఆ వయసు హద్దును పట్టించుకోకండి, అందరికీ తొడగండి. 50 డిగ్రీల నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరే అందదు, పది నిమిషాల్లో వేళ్ళు పట్టు తప్పుతాయి. ఎంత ఈత వచ్చినా అంతే. పైన ఎండ 75 ఉండడం చూసి మోసపోతారు.

పులుసు దాకా వచ్చాక

ఏ లేక్ చేప ఎంత తినొచ్చో రాష్ట్ర ఆరోగ్యశాఖ ఈట్ సేఫ్ ఫిష్ పట్టికల్లో లేక్ పేరుతో సహా ఉంటుంది. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే కెంట్ లేక్ హ్యూరాన్ నది మీదిది. పీఫాస్ రసాయనాల వల్ల 2018లో ఆ చేపలు తినొద్దని హెచ్చరిక వచ్చింది. ఆ పట్టికలను ఎప్పటికప్పుడు మారుస్తారు కాబట్టి బయల్దేరేముందు చూడాలి. తోలూ కొవ్వూ తీసేస్తే కొన్ని విషాలు తగ్గుతాయి. పాదరసం, పీఫాస్ తగ్గవు, అవి కండలోనే ఉంటాయి. తలకాయ పులుసు అలవాటున్న ఇళ్ళలో ఈ తేడా తెలిసి ఉండాలి. గర్భిణులకూ పిల్లలకూ పట్టికలో లెక్క వేరు.

వాలై కండ తెల్లగా, కొవ్వు లేకుండా, విడివడే రకం. ముళ్ళు తక్కువ, పైక్ అనే చేపలో ఉండే వై ఆకారపు ముళ్ళు ఇందులో ఉండవు, పిల్లలకు పెట్టడానికి భయం లేదు. కానీ తోలు తీసిన ఫిల్లెట్లను బొచ్చె ముక్కల్లా పులుసులో మరిగిస్తే ఉప్మా అవుతుంది. పులుసుకైతే పొలుసు గీకి, ఉప్పుతో తోమి కడిగి, తోలుతోనే అంగుళంన్నర మందం అడ్డ ముక్కలు కొట్టాలి. చింతపండు పులుసు ముందు పన్నెండు నిమిషాలు మరిగి చిక్కబడ్డాక ముక్కలు వేసి, ఆరేడు నిమిషాల్లో దించెయ్యాలి. గరిటె పెట్టకుండా గిన్నెను చెవులు పట్టి తిప్పాలి. చెంపల దగ్గర రూపాయి బిళ్ళంత కండ ముక్కలు రెండుంటాయి, తల పారేసేముందు చెంచాతో తియ్యండి. అవి తాతగారి పళ్ళెంలో వెయ్యండి.